3-2 గెలుపును ఘన విజయం అనకుండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ జిల్లా ఎడిషన్‌ల సుబ్రతో కప్ (బడి పిల్లల ఫుట్‌బాల్ టోర్నీ) అండర్-17 వార్త చూసినం. మా ఊరి హైస్కూల్ టీమ్ 'ఘన విజయం' సాధించి సెమీస్‌కు పోయిందని రాసిండ్రు, సంతోషమే, కానీ ఆ రోజు మేకల అభినవ్ స్టేడియంల కూసోని చూసినోళ్లు ఎవరైనా ఆ మాట చదివితే నవ్వుతరు. స్కోర్ 3-2. మీ వార్తల అది లేదు. వచ్చిన అతిథుల పేర్లు హోదాలతో సహా వరుసగ ఉన్నయి గానీ గోల్ కొట్టిన పోరగాండ్ల ముచ్చట ఒక్క లైన్ లేదు. సరే అది మీ ఇష్టం. మా ఊరి బస్టాండ్ కాడ చాయ్ హోటల్‌ల మాత్రం ఆ రోజు నుంచి ఒకటే లొల్లి, ఆ లొల్లిల సగం మాటలు తప్పు, అందుకే రాస్తున్న.

మొదటి హాఫ్ మనోళ్లు మస్తు ఆడిండ్రు, అందుల డౌట్ లేదు. రైట్ నుంచి క్రాస్ వస్తే హెడ్ చేసి ఒకటి, ఫ్రీ కిక్ మీద ఇంకోటి, హాఫ్ టైమ్‌కు 2-0. ఇగ అయిపోయింది అనుకోని కొందరు చాయ్ తాగనీకి గేటు బయటికి పోయిండ్రు, వాళ్లు తాపీగ తిరిగొచ్చేసరికి 2-2. మూడో గోల్ కూడా మనోడు కొట్టింది కాదు, లాంగ్ త్రో పడితే ఎదుటి టీమ్ స్టాపర్ (నడిమిట్ల డిఫెండర్) మోకాలికి తాకి లోపలికి పోయింది. త్రో నుంచి డైరెక్టుగ పోతే గోల్ ఇయ్యరు, ఎవరికన్న తాకి పోతే ఇస్తరు, కాబట్టి అది కరెక్ట్ గోలే. ఆఖరికి వాళ్ల షాట్ ఒకటి పైబార్‌కు తగిలి బయటికొచ్చింది, అప్పుడు మా పీఈటీ సారు మొఖం చూడాల్సింది.

ఇప్పుడు వాళ్లు కొట్టిన మొదటి గోల్ గురించి. రెఫరీ అమ్ముడుపోయిండు, మనకు అన్యాయం చేసిండు అని మా ఊర్ల ఇప్పటికీ అంటున్నరు. ఏం జరిగిందంటే మన రైట్ బ్యాక్ కాలుతోని కీపర్‌కు వెనుకకు ఇచ్చిండు, వీడు అలవాటుల చేతులతోని పట్టిండు, రెఫరీ విజిల్ వేసి చెయ్యి పైకెత్తి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ ఇచ్చిండు, అది కూడా డీ (గోల్ ముందటి పెనాల్టీ ఏరియా) లోపల. మనోళ్లు ఇంకా కొట్లాడుతుంటే వాళ్లు గోల్ కొట్టుకున్నరు. అది రూలే సారు. 1992 నుంచి మన టీమోడు కావాలని కాలుతోని ఇచ్చిన బాల్‌ను కీపర్ చేతులతోని పట్టొద్దు, తలతోని ఇస్తే పట్టొచ్చు. ఎక్కువ ఒర్రుతున్నోళ్లు ఎవరంటే ఎనభైలల్ల ఇదే స్కూల్‌కు ఆడిన పెద్దమనుషులు, వాళ్లు ఆడినప్పుడు పట్టొచ్చు, వాళ్ల తప్పు లేదు, కానీ ఊకె రెఫరీని తిడితే సెమీస్‌ల కూడా ఆ పిల్లగాడు మళ్ల అదే పని చేస్తడు.

ఇగ పెద్ద పంచాయితీ కీపర్ మీద. వాన్ని తీసేయాలె, వాలీబాల్ ఆడే తొమ్మిదో తరగతి పొడుగు పిల్లగాన్ని నిలబెట్టాలె అని ఒక గుంపు. ఆ గుంపుల ఒకాయన 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ముచ్చట తీసిండు, స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తాకితే ఇండియా కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ ఆయన్ను ఫార్వర్డ్‌ల ఆడించిండు, ఫైనల్‌ల ఆయనే ఒక గోల్ కొట్టిండు, సౌత్ కొరియా మీద 2-1 గెలిచి గోల్డ్ తెచ్చిండ్రు, మరి మనం మార్చి చూస్తే ఏంది అని. బాగనే ఉంది అన్నా, కానీ అక్కడ మార్చింది రహీం సాబ్, ఆటగాన్ని దినాం చూసినాయన. ఇక్కడ మార్చమంటున్నది చాయ్ హోటల్. వాలీబాల్ పిల్లగానికి చేతులు ఉన్నయి గానీ కాళ్ల కాడికి వచ్చే బాల్‌కు కింద పడుడు రాదు, రెండు వారాలల్ల వస్తదా?

నన్నడిగితే కీపర్‌ది కాదు తప్పు. 2-0 కాంగనే పదిమంది వెనుకకు వచ్చి డీల నిలబడ్డరు, ముందట ఒక్కడు లేడు. కొట్టిన ప్రతి బాల్ గోడకు కొట్టినట్టు తిరిగొచ్చింది. వాళ్ల రెండో గోల్ చూడుండ్రి, కార్నర్ పడ్డది, మనోడు హెడ్ చేసి బయటికి పంపిండు, డీ బయట వాళ్ల పిల్లగాడు ఒక్కడే తీరిపాటంగ నిలబడ్డడు, ఆపుకోని, చూసుకోని కొట్టిండు. ముందట ఇంతమంది ఉంటే కీపర్‌కు బాల్ కనిపించాలె కదా. అయినా ఆ రోజు పొద్దుగాల వాన పడి బాల్ జారుతుంటే వాడు రెండు మంచి షాట్లు ఆపిండు, అవి ఎవ్వరికీ యాదికి లేవు.

ఎందుకు అట్ల వెనుకకు పోయిండ్రంటే భయంతోనే కాదు. పెద్ద గ్రౌండ్ పొడవు రూల్ ప్రకారం 90 మీటర్లకు తక్కువ ఉండదు. మా స్కూల్ గ్రౌండ్‌ల ఒక దిక్కు కబడ్డీ కోర్టు, ఇంకో దిక్కు వంట షెడ్డు, వాటర్ ట్యాంకు, మిగిలిన దాంట్ల వీళ్ల ప్రాక్టీసు. చిన్న జాగల అందరు బాల్ ఎంబడి ఉరికినా నడుస్తది. స్టేడియంల ఉరికితే సెకండ్ హాఫ్‌కు కాళ్లు పనిచెయ్యవు, మధ్యల జాగ వదిలేస్తరు. టీమ్‌ల నలుగురికి స్టడ్స్ కూడా లేవు, కాన్వాస్ షూలతోనే తడి గడ్డి మీద ఆడిండ్రు. జాగ పెంచుడు సారు చేతిల లేదు గానీ పాస్ ఇచ్చుడు నేర్పొచ్చు. మన సెంటర్ ఫార్వర్డ్ మంచోడే, కానీ బాల్ దొరికితే ముగ్గురిని దాటాలని చూస్తడు, నాలుగోడు గుంజుకుంటడు. రహీం సాబ్ కూడా బడి పంతులే, ఆయన డ్రిబ్లింగ్ చెయ్యొద్దని షరతు పెట్టి మ్యాచులు ఆడిపిచ్చెటోడు. దానికి పైసలేం కావు, సాయంత్రం ఒక గంట సాలు.

సెమీస్‌ల ఎదురొచ్చేది గురుకులం టీమ్. హాస్టల్ పిల్లలు, పొద్దుగాల మాపటికి గ్రౌండ్‌లనే ఉంటరు, వాళ్ల మ్యాచ్ కూడా నేను చూసిన, లెఫ్ట్ వింగ్ పిల్లగాడు గాలి లెక్క ఉరుకుతడు. వానికి ఎదురుగ ఉండేది మన రైట్ బ్యాకే, ఆ వెనుకకు ఇచ్చినోడే, పాపం తొమ్మిదో తరగతి, సన్నగ ఉంటడు. అక్కడ మధ్యల ఆడే పదో తరగతి హాఫ్‌బ్యాక్‌ను పెట్టి వీన్ని మధ్యలకు తెస్తే మంచిదని నా అభిప్రాయం, సారుకు కూడా చెప్పిన, చూద్దాం అన్నడు. మనకున్న బలం లాంగ్ త్రో, ఫ్రీ కిక్, ఆ రెండే. లైన్ కాడ నిలబడి "కొట్టు కొట్టు" అని ఒర్రేటోళ్లు ఆ రోజు కొంచెం నోరు ఆపుకుంటే పిల్లలు తల ఎత్తి చూసి పాస్ ఇస్తరు, మనం ఒర్రవట్టే సగం బాల్స్ గుడ్డిగ కొడుతున్నరు.

గెలిస్తే ఫైనల్, అది కూడా గెలిస్తే స్టేట్ లెవెల్. చాయ్ హోటల్‌ల కొందరు అప్పుడే ఢిల్లీ టికెట్ల ముచ్చట పెట్టిండ్రు, ఇంకో బ్యాచ్ ఐదు గోల్స్ పడ్తయి రాసిపెట్టుకోండ్రి అంటుంది. ఐదు పడవు. నా లెక్కల గురుకులానికే మొగ్గు ఎక్కువ, అయినా వాన పడి గ్రౌండ్ బరువుగ ఉండి ఆ వింగ్ పిల్లగాడు ఉరకలేకపోతే మనం 1-0 గెలవొచ్చు, ఆ ఒక్కటి మాత్రం ఫస్ట్ హాఫ్‌లనే కొట్టాలె, కొట్టినంక కనీసం ఇద్దరిని ముందటనే ఉంచాలె.

ఇట్లు,
ఒక పాత విద్యార్థి,
నల్గొండ జిల్లా