భయం కథలకూ గ్రంథాలయంలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ సత్యనారాయణపురంలో స్కూలు ఫంక్షన్లకూ నాటకాలకూ డ్రెస్సులు అద్దెకిచ్చే షాపు నాది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాకు యాన్యువల్ డేల సీజన్. కృష్ణుడు, ఝాన్సీ లక్ష్మి, అల్లూరి సీతారామరాజు వేషాలకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. నాలుగైదేళ్లుగా డ్రాక్యులా కేప్, ఫ్రాంకెన్‌స్టీన్ మాస్కు కూడా పిల్లలు అడిగి మరీ తీసుకెళ్తున్నారు. ఈసారి ఒక స్కూలు వాళ్లు ఆ రెండూ ఆర్డరిచ్చి, ఫంక్షన్‌కు ముందురోజు వెనక్కి పంపారు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదట. "దెయ్యాల వేషాలూ దెయ్యాల కథలూ పిల్లలకెందుకండీ, చదువు పాడవుతుంది" అన్నారు టీచరుగారు. అద్దె పూర్తిగా ఇచ్చేశారు, దాని గురించి నాకు పేచీ లేదు. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

ఆ మాస్కు కోసం వచ్చిన తొమ్మిదో క్లాసు కుర్రాడు దాన్ని చేతిలో తిప్పి చూస్తూ, "ఫ్రాంకెన్‌స్టీన్ అంటే వీడే కదా అంకుల్" అన్నాడు. కాదు. అది శవాల ముక్కలతో వీణ్ణి తయారుచేసిన శాస్త్రవేత్త పేరు. తయారైనవాడికి పుస్తకంలో పేరే లేదు. ప్రాణం పోసినవాడు వాణ్ణి చూసి జడుసుకుని, పేరన్నా పెట్టకుండా పారిపోయాడు. మెడకు రెండు పక్కలా ఉండే బోల్టులు కూడా పుస్తకంలోవి కావు. 1931లో వచ్చిన సినిమా కోసం జాక్ పియర్స్ అనే మేకప్ నిపుణుడు పెట్టినవి. 1818లో మేరీ షెల్లీ రాసిన పుస్తకంలో వాడు ఎనిమిదడుగుల మనిషి, పసుపు రంగు చర్మం, నిగనిగలాడే నల్లటి జుట్టు.

అన్నిటికంటే ముఖ్యంగా పుస్తకంలో వాడు మాట్లాడతాడు. ఒక పేద కుటుంబం ఇంటి పక్కనున్న కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్లను చూస్తూ మాటలు నేర్చుకుంటాడు. రాత్రిళ్లు వాళ్లకు తెలియకుండా కట్టెలు తెచ్చి గుమ్మం ముందు పడేస్తాడు. అడవిలో ఒక తోలు సంచి దొరుకుతుంది, అందులో మూడు పుస్తకాలుంటాయి. వాటిని చదివి, నేనెవర్ని, నన్నెందుకు పుట్టించారు అని ఆలోచించడం మొదలుపెడతాడు. చివరికి ధైర్యం తెచ్చుకుని ఆ ఇంట్లోకి వెళ్తాడు. ఇంట్లో ఉన్నది ఒక ముసలాయన. ఆయనకు చూపు లేదు. అందుకే భయపడకుండా కూర్చోమంటాడు, మంచిగా మాట్లాడతాడు. ఇంతలో చూపున్నవాళ్లు వస్తారు. కొడుకు కర్ర తీసుకుని చావగొడతాడు. ఈ ఘట్టం నేను ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది. పిల్లలకు ఏ నీతిపాఠం ఇంతకంటే బాగా చెబుతుందో నాకు తెలియదు. ఈ కథ మొదలుపెట్టినప్పుడు రచయిత్రి వయసు 18. అంతకు ముందటి ఏడాదే మొదటి బిడ్డను పోగొట్టుకుంది. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ మరుసటేడు యూరప్‌లో ఎండాకాలమే లేకుండా పోయింది. జెనీవా దగ్గర వానలకు ఇంట్లో ఇరుక్కుపోయిన మిత్రులు తలా ఒక దెయ్యం కథ రాద్దామనుకున్నారు. దాంట్లోంచి వచ్చింది ఇది.

రక్తం తాగే పిశాచి డ్రాక్యులా సంగతీ అంతే. నల్ల శాటిన్, లోపల ఎర్ర లైనింగు, కాలరు నిటారుగా నిలబడటానికి మధ్యలో బక్రం వేసి నేనే కుడతాను. ఆ కాలరు 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన నవలలో లేదు. 1924లో బ్రిటన్‌లో దాన్ని నాటకంగా ఆడినప్పుడు వచ్చింది. స్టేజీ మీద డ్రాక్యులా మాయమైపోవాలి. నటుడు జనానికి వీపు పెట్టి నిలబడితే ఎత్తు కాలరు తలను కప్పేసేది. అతను కేప్‌లోంచి జారి, కింద చెక్కలో ఉన్న తలుపు గుండా దిగిపోతే చూసేవాళ్లకు ఖాళీ గుడ్డ మిగిలేది. మన సురభి వాళ్ల మాయలు చూసినవాళ్లకు ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. నవల మొదట్లో డ్రాక్యులా పొడుగాటి తెల్ల మీసాల ముసలివాడు, తర్వాత వయసు తగ్గి లండన్ వీధుల్లో పట్టపగలే తిరుగుతాడు. ఎండ తగిలితే చచ్చిపోవడమనేది 1922లో జర్మనీలో తీసిన మూకీ సినిమాతో మొదలైంది. అనుమతి తీసుకోకుండా పేర్లు మార్చి తీశారని స్టోకర్ భార్య కోర్టుకెళ్లింది, ప్రింట్లు నాశనం చేయమని తీర్పు కూడా వచ్చింది. అయినా కొన్ని మిగిలాయి. ఈ రోజు మన పిల్లలు ఫోన్లో చూసే ప్రతి రక్తపిశాచీ ఆ మిగిలిన ప్రింట్లకు రుణపడి ఉంది.

సినిమాలవాళ్లు కథను మార్చడం తప్పని నేననను. ఒక తరం కాలరు కుట్టింది, ఇంకో తరం బోల్టు బిగించింది. మన దగ్గర తాను తయారుచేసిన రోబో ఎదురుతిరిగితే శాస్త్రవేత్త ఏం చేస్తాడో చిట్టిని చూసిన పిల్లలకు తెలుసు. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులుంటే ఎలా ఉంటుందో అపరిచితుడు చూసినవాళ్లకు తెలుసు. 1886లో స్టీవెన్‌సన్ రాసిన జెకిల్, హైడ్ కథ చదివాక ఆ సినిమా చూస్తే దగ్గరి చుట్టాన్ని చూసినట్టుంటుంది. నా బాధల్లా మూలకథ వాళ్ల చేతికి అందకుండానే దాన్ని చెడ్డదని తీసేయడం.

భయం మనకు కొత్త కూడా కాదు. మా అమ్మ చందమామ చదివి వినిపించేది. పట్టు వదలని విక్రమార్కుడు ప్రతి నెలా శ్మశానంలో శవాన్ని భుజాన వేసుకుని నడిచేవాడు. ఆ బేతాళుడి కథలు 11వ శతాబ్దంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలోనే ఉన్నాయి. 1870లో రిచర్డ్ బర్టన్ వాటిని ఇంగ్లిష్‌లో తెచ్చినప్పుడు బేతాళుణ్ణి వాంపైర్, అంటే రక్తపిశాచి, అని పిలిచాడు. డ్రాక్యులా రాసిన స్టోకర్ ఆ బర్టన్‌ను స్వయంగా ఎరుగును. శవాన్ని మోసే రాజు కథ విని మేమెవరం పాడవలేదు. కథ చివర బేతాళుడు అడిగే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నిద్రపోయేవాళ్లం.

మా పేటకు దగ్గరలో ఉన్న శాఖా గ్రంథాలయంలో ఈ పుస్తకాలేమైనా తెలుగులో ఉన్నాయా అని అడిగాను. లేవు. అట్ట ఊడిపోయిన ఇంగ్లిష్ సంక్షిప్త ప్రతి ఒకటి, పోటీ పరీక్షల గైడ్ల వెనక దొరికింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కట్టే వాణ్ణిగా అడుగుతున్నాను, పిల్లల బీరువాలో ఒక్క అర ఈ కథలకు ఇవ్వలేరా? 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే కదా.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల్లో కొన్న నా ఇంగ్లిష్ కాపీని ఆ కుర్రాడికిచ్చాను. పదిహేను రోజులకు తెచ్చిచ్చాడు. ముప్పై పేజీలు చదివాడట, మాటలు కష్టంగా ఉన్నాయట, "తెలుగులో ఉంటే ఇవ్వండి అంకుల్, వాడు ఆ ముసలాయన ఇంటికి వెళ్లేదాకా చదవాలి" అన్నాడు. నా దగ్గర లేదు.

జనవరిలో మన పుస్తక మహోత్సవానికి వచ్చే ప్రచురణకర్తలు ఈ నవలల పూర్తి తెలుగు అనువాదాలు పిల్లలు కొనగలిగే ధరకు తేవాలని, గ్రంథాలయాల అధికారులు కొనుగోళ్ల జాబితాలో వాటిని చేర్చాలని కోరుతున్నాను. హైస్కూళ్లలో లైబ్రరీ పీరియడ్ చూసే టీచర్లు ముందు తామొకసారి చదివి, తర్వాత పిల్లలకు ఇవ్వాలా వద్దా అన్నది నిర్ణయించాలి. మా పేట గ్రంథాలయానికి మాత్రం రెండేసి కాపీలు నేనే కొనిస్తాను, తీసుకుంటామంటే చాలు.

— ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ