షాపు పనుల కొటేషన్లు ఎందుకు మారుతున్నాయంటే

మా చేత రెస్టారెంట్లు, కిరాణా షాపులు, క్లినిక్‌లు, చైల్డ్‌కేర్ సెంటర్లకి బిల్డింగ్ పనులు చేయించుకున్నవాళ్లకీ, చేయించుకోబోతున్నవాళ్లకీ నమస్కారం. ఈ నెల నుంచి మా కొటేషన్లలో డిజైన్ ఖర్చు విడిగా కనబడుతుంది. పని మొదలవడానికి పట్టే టైమ్ కూడా పెరుగుతుంది. "పోయినసారి లేనిది ఇప్పుడెందుకన్నా?" అని ఇప్పటికే ఫోన్లు వస్తున్నాయి. అందరికీ ఒకేసారి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

మనం ఉంటున్న ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఇంట్లో బాత్‌రూమ్ మార్పించాలంటే, పని విలువ 5,000 డాలర్లు దాటితే చేసేవాడికి లైసెన్స్ ఉండాలి. 20,000 దాటితే ఇంటివాళ్ల రక్షణ కోసం ఇన్సూరెన్స్ కూడా తీయాలి. అదే మనిషి సిడ్నీలోని హారిస్ పార్క్‌లో మూడు లక్షల డాలర్ల రెస్టారెంట్ పని ఒప్పుకుంటే బిల్డర్ లైసెన్స్ అక్కర్లేదు. కరెంటు, ప్లంబింగ్ వాళ్లకి ఎక్కడైనా లైసెన్స్ ఉండాల్సిందే, కానీ మొత్తం పని నడిపించేవాణ్ణి "నీకేం అర్హత ఉంది?" అని అడిగే చట్టం లేదు. రోజూ వందలమంది వచ్చి కూర్చుని తినే చోటికి ఈ వెసులుబాటు ఇవ్వడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

అపార్ట్‌మెంట్ల సంగతి మారింది. 2018 డిసెంబర్ 24న సిడ్నీలో ఒపాల్ టవర్ అనే అపార్ట్‌మెంట్‌లో పగుళ్లు రావడంతో జనాన్ని బయటికి పంపేశారు. 2019 జూన్‌లో అక్కడే మాస్కట్ టవర్స్ అనే ఇంకో అపార్ట్‌మెంట్ ఖాళీ చేయించారు. ఫ్లాట్ బుక్ చేసుకున్న మనవాళ్లు ఆ రోజుల్లో ఎంత టెన్షన్ పడ్డారో నాకు బాగా గుర్తు. ఆ తర్వాతే 2020లో డిజైన్ అండ్ బిల్డింగ్ ప్రాక్టీషనర్స్ చట్టం వచ్చింది. 2021 జూలై 1 నుంచి అపార్ట్‌మెంట్లలో లోడు మోసే భాగాలు, వాటర్‌ప్రూఫింగ్, ఫైర్ సేఫ్టీ లాంటి వాటికి రిజిస్టరైన డిజైనర్ డ్రాయింగ్ గీసి, నియమాల ప్రకారమే ఉందని సంతకం పెట్టాలి. ఆ డ్రాయింగ్ ప్రభుత్వ పోర్టల్‌లోకి ఎక్కాకే ఆ పని మొదలవ్వాలి. చివర్లో బిల్డర్ కూడా, గీసినట్టే కట్టానని సంతకం పెట్టాలి. 2023 జూలై 3 నుంచి కొత్తగా కట్టే హోటళ్లు, పెద్ద బోర్డింగ్ హౌస్‌లు, వృద్ధాశ్రమాలు కూడా ఇందులోకి వచ్చాయి. విడి బిల్డింగుల్లో ఉండే షాపులు, ఆఫీసులు, గోడౌన్లు మాత్రం ఆ సంతకాల పద్ధతికి బయటే ఉన్నాయి. కమర్షియల్ పనులకూ లైసెన్స్ పెట్టాలన్న ప్రతిపాదన 2022లోనే ముసాయిదా బిల్లు సంప్రదింపుల్లోకి వచ్చింది. అది రావాలనే నేను కోరుకుంటున్నాను.

ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఎవరో ఎప్పుడో చేసిన ఒక రెస్టారెంట్ కిచెన్ మార్చడానికి సీలింగ్ తీశాం. పక్క షాపుకీ దానికీ మధ్య ఉన్నది ఫైర్ వాల్. అంటే ఒకవైపు మంట అంటుకుంటే రెండోవైపుకి పోకుండా కొంతసేపు ఆపాల్సిన గోడ. దానికి చెయ్యి పట్టేంత కన్నం కొట్టి ప్లాస్టిక్ పైపు పంపారు. పైపు చుట్టూ ఫైర్ కాలర్, అంటే వేడికి ఉబ్బి ఆ కన్నాన్ని మూసేసే పట్టీ, లేదు. సందులో మామూలు ఫోమ్ కొట్టి, పైన గోడ రంగే వేసేశారు. కింద నుంచి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. మంట వస్తే ముందు కరిగేది ఆ పైపే, ఆ కన్నంలోంచే మంట పక్కకి పోతుంది. అక్కడ ఏం పెట్టాలో డ్రాయింగ్‌లో గీసి, కింద ఒక మనిషి పేరు రాసి ఉంటే ఈ పని ఇలా జరిగేది కాదు.

కోర్టులు చట్టం కంటే ఒక అడుగు ముందే ఉన్నాయి. న్యూకాసిల్ దగ్గర బోర్డింగ్ హౌస్‌ల కేసులో 2023లో అప్పీల్ కోర్టు, 2020 చట్టంలోని జాగ్రత్త బాధ్యత, అంటే లోపాల వల్ల యజమానికి నష్టం రాకుండా జాగ్రత్తగా కట్టాల్సిన బాధ్యత, అపార్ట్‌మెంట్లకే పరిమితం కాదని, సైట్‌లో పని చూసుకున్న వ్యక్తికీ వర్తిస్తుందని చెప్పింది. 2024 డిసెంబర్‌లో ఈ దేశంలో అన్నిటికంటే పై కోర్టైన హైకోర్ట్ ఆఫ్ ఆస్ట్రేలియా ఇంకో మాట తేల్చింది. ప్రధాన కాంట్రాక్టర్ "అది సబ్ కాంట్రాక్టర్ తప్పు" అని తన బాధ్యతలో వాటా తగ్గించుకోలేడు. కాబట్టి నేను ఒప్పుకున్న పనిలో టైల్స్ కింద నీళ్లు కారితే, మీ బిల్డింగ్ యజమానికి జవాబు చెప్పాల్సింది నేనే. అది సబబే.

ఇక ఖర్చు. సంతకం పెట్టే ఇంజనీర్లు తక్కువ, వాళ్ల ఇన్సూరెన్స్ ప్రీమియంలు ఎక్కువ. అందుకే ఫీజులు పెరిగాయి. పెద్ద కంపెనీలకి ఈ కాగితాల పనికి ఒక డిపార్ట్‌మెంటే ఉంటుంది. మాలాంటి చిన్నవాళ్లకి అది రాత్రి భోజనాలయ్యాక చేసే పని. కొత్త నియమాలు వస్తే చిన్న సబ్ కాంట్రాక్టర్లు కొందరు తట్టుకోలేక తప్పుకుంటారన్న భయం నాకుంది. కొన్నాళ్లు గడువిచ్చి దశలవారీగా తేవాలనీ, ఏళ్లుగా బాగా పనిచేస్తున్నవాళ్ల అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలనీ నా అభిప్రాయం.

చట్టం వచ్చేదాకా ఆగకుండా, షాపు పనుల్లోనూ మేం ఇదే పద్ధతి మొదలుపెడుతున్నాం. వాటర్‌ప్రూఫింగ్, ఫైర్ వాల్, గోడలు తీసేయడం ఉన్న ఏ పనికైనా డ్రాయింగ్ చేతికొచ్చాకే సుత్తి పడుతుంది. కిచెన్ ఫ్లోర్‌కి మెంబ్రేన్, అంటే నీళ్లు దిగకుండా ఆపే పొర, వేశాక ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూసి, ఆ ఫోటోలు మీకు పంపాకే టైల్స్ వేస్తాం. మధ్యలో "ఈ సింక్ అటు జరపండి" అంటే జరుపుతాం, కానీ డ్రాయింగ్ మార్చాకే. దానికి డబ్బూ పడుతుంది, రోజులూ పడతాయి. "ముందు మొదలెట్టండి, డ్రాయింగ్ తర్వాత చూద్దాం" అనే పనులు ఇకపై తీసుకోలేం. ఊళ్లో మేస్త్రీతో మాట్లాడుకుని మర్నాడే పునాది తవ్వించే అలవాటు మనవాళ్లకి ఉంది. నాకూ అదే తెలుసు. ఇక్కడ మాత్రం ఆ తొందర వల్ల ఓపెనింగ్ ముందు సర్టిఫైయర్, అంటే పని నియమాల ప్రకారం ఉందో లేదో చూసి సర్టిఫికెట్ ఇచ్చేవాడి, దగ్గర ఇరుక్కుపోయినవాళ్లని చూశాను.

ఇప్పటికే రాతపూర్వకంగా కొటేషన్ తీసుకున్నవాళ్లకి పాత రేటే. కొత్తగా షాపు లీజు చూస్తున్నవాళ్లు సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి. ఆ బిల్డింగ్‌కి ఏ వాడకానికి అనుమతి ఉందో, బట్టల షాపుని రెస్టారెంట్‌గా మార్చాలంటే కౌన్సిల్ ఏం అడుగుతుందో కలిసి చూద్దాం. దీనికి ఫీజు లేదు. లీజు మొదలై అద్దె ఎక్కుతుండగా డ్రాయింగ్‌ల కోసం ఎదురుచూసే పరిస్థితి మీకు రాకూడదు.