టెస్ట్ రిపోర్టు మీద మెగ్గర్ కాలిబ్రేషన్ తేదీ కూడా రాయించాలి

సంపాదకుడు గారికి,

కొత్త ఇంటికి కరెంటు కావాలంటే లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకంతో వైరింగ్ టెస్ట్ రిపోర్టు పెట్టాలి. ఇన్సులేషన్ ఇంత, ఎర్తింగ్ ఇంత అని అందులో రాసిస్తారు. గజపతి, రాయగడ జిల్లాల్లో ఇలాంటి రిపోర్టులు చాలానే నా చేతికి వచ్చాయి. ఆ అంకెలు ఏ మీటరుతో తీశారో, ఆ మీటరును సరైన దానితో పోల్చి చివరిసారి ఎప్పుడు సరిచూశారో (దీన్నే కాలిబ్రేషన్ అంటారు) రాసినవి మాత్రం చాలా అరుదు. ఆ అంకెల్ని నమ్ముకునే పిల్లలు తడి చేతులతో స్విచ్చి వేస్తున్నారు.

ఈమధ్య పర్లాకిమిడి దగ్గర ఓ కల్యాణమండపం రిపోర్టు చూశాను. అన్ని సర్క్యూట్లకూ ఇన్సులేషన్ ‘ఇన్ఫినిటీ’ అని, అంటే కరెంటు ఏమాత్రం లీకవడం లేదని ఉంది. అనుమానం వచ్చి, వాళ్ళు వాడిన మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) తెప్పించాను. రెండు క్లిప్పులూ ఒకదానికొకటి తగిలించి హ్యాండిల్ తిప్పితే ముల్లు సున్నాకు రావాలి. ఇన్ఫినిటీ దగ్గర నుంచి కదల్లేదు. క్లిప్పు మొదలు దగ్గర లీడు (మీటరు వైరు) లోపల తెగి ఉంది, పైన తొడుగు మాత్రం చెక్కు చెదరలేదు. ఇలాంటి మెగ్గర్‌ను ఎంత పాడైన వైరింగుకి పెట్టినా బాగుందనే చూపిస్తుంది. లీడు మార్చి చూస్తే వంటశాల సర్క్యూటు అర మెగా ఓమ్ కూడా రాలేదు. 500 వోల్టుల డీసీతో ఒక నిమిషం పరీక్షించినప్పుడు కనీసం 1 మెగా ఓమ్ ఉండాలన్నది నిబంధన. పెళ్ళిళ్ళలో నీళ్ళూ, మంటా, జనమూ ఒకచోట చేరేది ఆ వంటశాలలోనే.

లీడు తెగితే ఇలా మనమే పట్టుకోవచ్చు. లోపలి తేడా అలా దొరకదు. మీటరు మీద 500 అని రాసి ఉన్నా లోడు పడేసరికి అంత వోల్టేజి రాకపోతే, బలహీనపడిన ఇన్సులేషన్ కూడా పరీక్ష దాటేస్తుంది. బైకు మీద కుదుపులు, నిచ్చెన మీంచి జారిపడడం, మన వానాకాలపు చెమ్మ, ఏళ్ళ తరబడి వాడకం, ఇవన్నీ మీటరును కొంచెం కొంచెంగా పక్కకు లాగుతాయి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి సంగతీ అంతే. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి అది 300 మిల్లీ సెకన్లలోపు పడిపోవాలి. టెస్ట్ బటన్ నొక్కితే పడుతుందో లేదో తెలుస్తుంది గానీ, ఎంతసేపట్లో పడిందో తెలియదు. అది ఆర్‌సీసీబీని పరీక్షించే టెస్టర్ మీటరు చెప్పాలి. ఆ టెస్టరే తప్పు చెబితే మన కంటికి ఆనదు.

‘పదేళ్ళుగా ఇదే వాడుతున్నాం, ఎప్పుడూ తేడా రాలేదు’ అంటారు మన వైర్‌మ్యాన్ తమ్ముళ్ళు. తేడా ఉందో లేదో తెలియాలంటే సరైన దానితో పోల్చి చూడాలి కదా. కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవాలి. పావు కిలో పప్పు విషయంలో ఉన్న పట్టుదల ప్రాణం విషయంలో ఎందుకు ఉండకూడదు?

ఎన్నాళ్ళకోసారి చేయించాలన్నది కాస్త వివరంగా చెప్పాలి. తయారీదారులు సాధారణంగా ఏడాది అంటారు. ల్యాబ్ ఇచ్చే సర్టిఫికెట్ మీద, మనం అడిగితే తప్ప, మళ్ళీ ఎప్పుడన్న తేదీ వేయరు. ఆ గడువు పెట్టుకోవలసింది మీటరు ఉన్నవాళ్ళే. రోజూ సంచిలో తిరిగే మీటరుకు ఏడాది దాటనివ్వకూడదని నా అభిప్రాయం. కింద పడినా, నీళ్ళలో తడిసినా గడువు చూడకుండా వెంటనే పంపాలి. ఇంకో మాట. కాలిబ్రేషన్ అంటే రిపేరు కాదు. మీటరు ఎంత తేడాగా చూపిస్తోందో ల్యాబ్ కాగితం మీద రాసిస్తుంది. దాన్ని చదవకుండా బీరువాలో పెడితే ఫలితం సున్నా. తేడా ఎక్కువని తేలితే, అంతకుముందు అదే మీటరుతో పాస్ చేసిన ఇళ్ళను మళ్ళీ చూడాలి. మనవైపు చాలామంది వదిలేసేది ఈ పనే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు వంశధార పొంగి ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. అలా మునిగిన ఇంటికి మళ్ళీ కరెంటు ఇచ్చే ముందు మెగ్గర్ పెట్టాల్సిందే. ఆ రోజున ఊరంతా ఆధారపడేది ఆ ఒక్క మీటరు మీదే.

ఖర్చంతా వైర్‌మ్యాన్ నెత్తిన వేయమని నేను అనను. గుణుపురం నుంచి విశాఖకో భువనేశ్వర్‌కో మీటరు పంపితే అది తిరిగొచ్చేదాకా అతని పని ఆగిపోతుంది. అందుకని ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో విలువ కచ్చితంగా తెలిసిన రెసిస్టెన్స్ పెట్టెలు ఉంచాలి. వాటిని ఏటా ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో సరిచూపించాలి. ఎవరైనా వచ్చి, ఉచితంగా, తమ మీటరు చూపించే విలువను పోల్చుకుని వెళ్ళే వీలుండాలి. ఏడాదికోసారి అందరి మీటర్లూ పోగుచేసి ల్యాబ్‌కు పంపే బాధ్యత విద్యుత్ పంపిణీ సంస్థ తీసుకోవాలి. మీటరు సీరియల్ నంబరు, కాలిబ్రేషన్ తేదీ లేని రిపోర్టును సంస్థ ఇంజినీర్లూ, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్లూ తిరిగి పంపేయాలి. దసరా పందిళ్ళకు తాత్కాలిక కనెక్షన్లు ఇవ్వడం మొదలయ్యేలోగా కనీసం ఈ చివరి ఆదేశమైనా రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఎలక్ట్రీషియన్ ట్రేడ్ విశ్రాంత బోధకుడు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా