జమైకా బత్తాయికి ముందు మంచి మొక్క కావాలి

జమైకాలో బత్తాయి దిగుబడి పడిపోవడానికి తుపానులే కారణమన్న మీ కథనం సగమే నిజం. 2004లో ఐవన్, 2024లో బెరిల్ నష్టం చేసిన మాట వాస్తవమే. కానీ గాలికి విరిగిన కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. 2009లో ఇక్కడ బయటపడ్డ గ్రీనింగ్ తెగులు పట్టిన చెట్టుకు మందే లేదు. సిల్లా అనే చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. బత్తాయి తోటలుండే బాగ్ వాక్ ఊరి వైపు వెళ్తే ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కి, కాయలు వంకరపోయిన చెట్లు రోడ్డు మీంచే కనిపిస్తాయి. ఆ పక్క పెరళ్లలో ఎవరూ పురుగుమందు కొట్టని నిమ్మచెట్లు. కింగ్‌స్టన్ దుకాణాల్లో జ్యూస్ డబ్బా తిప్పి చూస్తే చాలాసార్లు దిగుమతి గాఢరసమే. బత్తాయి, కమలా కలిసి పుట్టిన ఓర్టానిక్ పండుకు జన్మనిచ్చిన గడ్డకి ఇదేం ఖర్మ! తుపాను సాయం కింద ఏ నర్సరీ మొక్క దొరికితే అది పంచకుండా, పురుగు చొరబడని వలగూళ్లలో పెంచి, పరీక్షించి ధ్రువీకరించిన మొక్కలకే సబ్సిడీ ఇవ్వాలి. రైతులు తలో రోజు మందు కొడితే పురుగు పక్క తోటలో తలదాచుకుని తిరిగొస్తుంది. కాబట్టి పెరటి చెట్లతో సహా ప్రాంతమంతా ఒకే వారంలో మందు కొట్టించాలి. ఆ ఖర్చులో జ్యూస్ కంపెనీలూ వాటా పెట్టుకోవాలి. నల్గొండ బత్తాయి రైతులకూ ఈ తెగులు కొత్తేం కాదు, అక్కడా ఇదే పద్ధతి పెట్టొచ్చు.

– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, కింగ్‌స్టన్