‘బాబాయ్ అన్నావుగా, చాలు’ అన్న పెద్దాయనకు

వేళ్ల మీద నైలాన్ దారం కోసిన గీతలు ఇంకా మండుతున్నాయి. తప్పులు దొర్లితే సర్దుకుని చదువుకోండి. రేపు రాద్దామనుకుంటే ఇక రాయనని నాకు తెలుసు.

ఈ ఎండాకాలం నా కూరగాయల మడి పడ్డ పాట్లు తెలిసినవాళ్లకు తెలుసు. ఎండ 40 డిగ్రీలు దాటాక టమాటా పూత పూసింది పూసినట్టే రాలిపోయింది. ఆ వేడికి పుప్పొడే పాడైపోతుందట, ఎన్ని నీళ్లు పోసినా పిందె నిలవదట. అది తెలియక నేను మిట్టమధ్యాహ్నం కూడా బకెట్లు మోశాను. నిలిచిన నాలుగు కాయలేమో రంగు తిరగ్గానే ఉడతల పాలు. పూర్తిగా తిన్నా ఇంత బాధ ఉండేది కాదు. ఒక్కో కాయకు ఒక్క కాటు, అంతే! రాత్రయితే ఎలుకలు. ఆ కోపంలో పోయిన వారం మడి మీద నైలాన్ వల కప్పాను. కప్పానని ఎందుకులెండి, విసిరేశాను. మిగిలిన అంచులు నేల మీద కుప్పగా వదిలేసి లోపలికి వెళ్లిపోయాను.

మొన్న పొద్దున ఆరింటికి ఆ కుప్పలో పాము.

ఆరడుగులు ఉంటుంది. తల వలలోని ఒక కన్నులోంచి, నడుము ఇంకో కన్నులోంచి దూర్చేసింది. ముందుకు గుంజుకునేకొద్దీ దారం ఒంట్లోకి దిగుతోంది. నేను నాగుపామే అనుకున్నాను. అప్పటికే ఇద్దరు కర్రలు పట్టుకుని వచ్చారు. చంపొద్దని చెప్పి ఫోన్లు మొదలుపెట్టాను. మొదటి నంబరువాళ్లు ‘అది మా పరిధి కాదు’ అన్నారు. వాళ్లిచ్చిన నంబరుకు చేస్తే ఆఫీసు తెరిచాక చేయమన్నారు. మూడోవాళ్లు ఫోటో పెట్టి ఫారం నింపమన్నారు. పాము ఎండలో చస్తోందండీ అంటే, ‘రూలు అంతే మేడం’. ఇవాళ మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది, నా ఫిర్యాదు పరిష్కరించారట! ఎవరు పరిష్కరించారో నేను చెబుతాను.

గేటు ముందు నుంచి నడుచుకుంటూ వెళ్తున్న ఒక పెద్దాయన గొడవ విని ఆగారు. అంతకుముందు ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. దూరం నుంచే కాసేపు చూసి, ‘జెర్రిపోతమ్మా ఇది, విషం లేదు’ అన్నారు. చిన్న కత్తెర, బకెట్ నీళ్లు అడిగారు. భుజం మీది తువ్వాలు తీసి తడిపి పాము తల మీద కప్పారు. కళ్లకు చీకటైతే నెమ్మదిస్తుందట. నిజంగానే నెమ్మదించింది. ఇక ఒక్కో పోగూ కత్తిరించడం మొదలుపెట్టారు. మధ్యమధ్యలో దాని ఒంటి మీద నీళ్లు చిలకరిస్తున్నారు. దాదాపు గంట అలా గొంతుకూర్చునే ఉన్నారు. (ఆయనకు పాముల సంగతి తెలుసు కాబట్టి చేశారు. దయచేసి మీరెవరూ ప్రయత్నించకండి.) ఆఖరి పోగు తెగగానే అది ఒక్క క్షణం కదల్లేదు, తర్వాత కంచె కిందకు జారిపోయింది.

ఆయన లేచి, మోకాళ్లు పట్టుకుని, నా వైపు చూసి అడిగిన మాట ఒకటే. ‘పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా తల్లీ?’

అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చేశాను. వల వేసింది నేను, పాము ప్రాణం మీదకు తెచ్చింది నేను. నాలుగు మాటలు అంటారేమో అనుకున్నాను. తిన్నావా అని అడిగారు. రెండు నెలలుగా నీళ్లు, నీడ, ఎలుకలు అంటూ తిరుగుతున్నాను, ఆ మాట నన్ను నేనే అడగలేదు.

‘ఎలుకల కోసమే వచ్చిందమ్మా, నీ పనే చేసిపెడుతోంది’ అని మాత్రం అన్నారు.

మర్నాడు తెల్లవారకముందే మళ్లీ వచ్చారు. ఎవరూ పిలవలేదు. పాత వల మొత్తం ముక్కలు చేయించి సంచిలో వేయించారు. చిటికెన వేలు కూడా దూరని సన్న కన్ను వల తెప్పించి, కర్రల చట్రానికి డోలులా బిగించాం, అంచు ఎక్కడా వేలాడకుండా. ఎలుకలకు అర అంగుళం కన్ను ఇనుప జాలీ, అడుగు లోతు మట్టిలోకి. టమాటాలు కాస్త ఎరుపు తిరగ్గానే కోసి ఇంట్లో పెట్టుకోమన్నారు, అక్కడే పండుతాయి, ఉడతకు అవకాశం ఉండదు. చచ్చిపోయాయని పీకేయబోయిన వంగ మొక్కల కాండం గోటితో గీకి లోపలి పచ్చదనం చూపించారు. ‘కత్తిరించి వదిలెయ్, చల్లబడ్డాక చిగురిస్తుంది.’ మధ్యాహ్నం ఆకు వాలినంత మాత్రాన పరుగెత్తొద్దట. సాయంత్రానికి తనంతట తానే లేస్తే దానికి దాహం లేనట్టే.

డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. పేరు అడిగితే నవ్వి, ‘బాబాయ్ అన్నావుగా, చాలు’ అన్నారు. ఇవాళ పొద్దున చాలాసేపు గేటు దగ్గర నిలబడ్డాను, రాలేదు. ఆయన ఎవరో తెలిసినవాళ్లు ఉంటే ఇది చదివి వినిపించండి. మీ తువ్వాలు ఉతికి ఆరేశాను బాబాయ్.

మా వారు గోతులు తవ్వారు, పిల్లలు కర్రలు మోశారు. వాళ్లకు ఇంట్లో చెప్పుకుంటాను.

అయ్యో, కర్రలతో వచ్చిన ఆ ఇద్దరూ! నా మాట విని కర్రలు పక్కన పడేసినందుకు థాంక్స్. పైగా చట్రానికి వాడినవి ఆ కర్రలే. మొదళ్లలో కప్పడానికి రెండు బస్తాల ఎండుటాకులు ఊడ్చి తెచ్చిన అబ్బాయికి కూడా.

ఇంకా ఎవరినో మరిచిపోతున్నాను... ఆఁ, కత్తెర. అది పక్కింటి అక్కది. మొత్తం మొద్దుబారిపోయింది అక్కా, ఆదివారంలోగా సాన పట్టించి ఇస్తాను.