బొటనవేలి సంగతి రాయి

గుంటూరు, బ్రాడీపేట
మంగళవారం

చి. చిట్టికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నాన్న మోకాలు మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. మిరపకాయల సీజను కదా, బాబాయి యార్డు నుంచి వచ్చి చొక్కా దులిపితే ఇల్లంతా తుమ్ములే. పెరట్లో గోంగూర మళ్ళీ చిగురేసింది.

నువ్వు ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైంది. పగలు క్లాసులో ఉంటావని నేను చేయను. రాత్రి చేస్తే "రేపు చేస్తానమ్మా" అని మెసేజ్ వస్తుంది. అందుకే కాగితం తీశాను.

మొన్న సుబ్బులు పిన్ని వచ్చింది. వాళ్ళ రవిగాడు హైదరాబాదులో నిన్ను చూశాడట. కుడిచేతి బొటనవేలికి పట్టీ ఉందట. థాయ్ మసాజ్ చేయడం మానేసి ఇప్పుడు దాని పాఠాలే చెబుతున్నావట. కూతురి వేలు సంగతి పిన్ని నోటివెంట వినాల్సి వచ్చింది నాకు. సరే, అది తర్వాత రాస్తాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు హాల్లో చాప మీద పరుపు వేసి నా నడుము పట్టావు, గుర్తుందా? కూర్చోగానే చేతులు జోడించి కళ్ళు మూసుకున్నావు. ముందు నా అరికాళ్ళు పట్టుకుని కాసేపు ఊరకే ఉన్నావు. తర్వాత మోకాళ్ళ మీద లేచి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా అరచేతుల్లోకి మెల్లగా దించావు. నేను ఊపిరి వదిలేదాకా ఆగి, వదిలినప్పుడే నొక్కావు. "నొప్పా, హాయా అమ్మా?" అని నాలుగుసార్లు అడిగావు. నాకప్పుడు మా అమ్మ కారం దంచడం గుర్తొచ్చింది. పోటు వేసేటప్పుడు బరువు రోకలిదే కావాలి, చేతిది కాకూడదు అనేది.

బ్యాంకాక్‌లో ఈ పని నేర్చుకుని వచ్చిన కొత్తలో నీ చెయ్యి ఇలా ఉండేది కాదు. అప్పుడు బొటనవేళ్ళతోనే పొడిచేదానివి. నేర్చుకున్నదంతా గంటలో చూపించెయ్యాలని ఆత్రం. నా వీపు మీద రెండు రోజులు కందిన మచ్చలున్నాయి, నీకు చెప్పలేదు. క్లాసులు మొదలుపెట్టాకే ఈ నిదానం వచ్చింది. పిల్లలకు చూపించాలంటే ముందు నువ్వు సరిగా కూర్చోవాలి, చెయ్యి ఎక్కడ పెడుతున్నావో మాటల్లో చెప్పాలి. మాటల్లో పెట్టేసరికి చేతికి కూడా తెలిసొచ్చింది. నువ్వు ఎప్పుడూ ఈ మాట అనలేదు, నేనే గమనించాను.

బుల్లెమ్మ అత్తయ్య విషయంలోనూ అంతే. పిక్కల్లో నరాలు ఉబ్బి కాళ్ళు లాగుతున్నాయని ఆవిడ కాళ్ళు చాపితే, వెయ్యి రూపాయలిస్తానన్నా నువ్వు ముట్టుకోలేదు. ఒక కాలే వాచిందా, వేడిగా ఉందా, బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగి, ముందు డాక్టరుకు చూపించుకోమన్నావు. రక్తం గడ్డకట్టి ఉంటే నొక్కడం ప్రమాదమన్నావు. ఆవిడ అలిగి కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. పాత చిట్టి అయితే అత్తయ్య బాధపడుతుందని పట్టేసేది. మొదటిరోజే పిల్లలతో ఆ ప్రశ్నలన్నీ రాయించే టీచరు ఇంట్లో ఇంకోలా ఎలా చేస్తుంది? అప్పుడు నీకు చెప్పలేదు కానీ నాకు చాలా గొప్పగా అనిపించింది.

మీ అమ్మాయిది మసాజ్ పనా అని అదోలా అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2019లో యునెస్కో వాళ్ళు ఈ థాయ్ మసాజ్‌ను, అదే నువాద్ థాయ్‌ను, సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చారని మీ నాన్న వాళ్ళకు చెబుతారు. నేనైతే ఆ గుడి సంగతి చెబుతాను. బ్యాంకాక్‌లో వాట్ ఫో గుడి, 1830ల్లో అక్కడి థాయ్ రాజు మూడో రామ బాగు చేయించినప్పుడు మనిషి బొమ్మలు, నాడుల గీతలు రాతిపలకల మీద చెక్కించి గోడలకు పెట్టించాడన్నావే, అది. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చని. ఆ గుడిలోనే 1955లో బడి కూడా పెట్టారట. విద్యను దాచుకోకుండా గోడకెక్కించిన వాళ్ళ పని అది, తక్కువ పని ఎలా అవుతుంది?

క్లాసు మొదట్లో మీరు చదివే ప్రార్థన "ఓం నమో శివగో" అని వినిపిస్తే శివుడే అనుకున్నాను. కాదమ్మా, బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుడు అన్నావు. ఆ ఏడే నన్ను బస్సులో అమరావతి తీసుకెళ్ళి, స్తూపం దగ్గర ఎండలో కూర్చుని ఒంట్లో శక్తి పారే దారులని మీరనే పది సెన్ గీతల పేర్లు చెప్పావు. ఇథా, పింగ్‌ఖలా అనగానే మన యోగంలోని ఇడ, పింగళ నాడులే కదా అన్నాను నేను. నువ్వు నవ్విన నవ్వు ఇప్పటికీ కళ్ళముందుంది. అన్నం తింటున్నావా వేళకి?

ఒక సంగతి రాయాలి. మన అరుగు మీద కుట్టు క్లాసు పెట్టిన మొదటి ఏడాది. అప్పటికి పదిహేనేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను, చెయ్యి దానంతటదే పోయేది. నల్లపాడు నుంచి ఒక పిల్ల వచ్చేది, సైకిలు మీద. ఒకరోజు ముందు భాగం, వెనుక భాగం పక్కపక్కన పరిచి, "ఆంటీ, చంక దగ్గర ముందు ఎక్కువ లోతు తీస్తున్నాం, వెనక తక్కువ తీస్తున్నాం, ఎందుకు?" అని అడిగింది. మా గురువుగారు అలాగే చెప్పారు, నేనూ అలాగే తీశాను. "అంతే అమ్మా, అలాగే తీయాలి" అన్నాను. ఆ పిల్ల తలూపింది కానీ ముఖం తేలిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ నాన్న లేస్తారని లైటు వేయకుండా వంటింట్లోకి వెళ్ళి, చెయ్యి ముందుకు చాపాను, వెనక్కి లాగాను. అంట్లు తోమినట్టు, బిందె ఎత్తినట్టు చేశాను. ఆడదాని చెయ్యి రోజంతా ముందుకే పోతుంది చిట్టీ. ముందు గుడ్డ ఎక్కువుంటే ముడతలుపడి చంకలో నొక్కుతుంది, వెనక గుడ్డ లేకపోతే వీపు దగ్గర పట్టేస్తుంది. మర్నాడు ఆ పిల్లను నిలబెట్టి, చెయ్యి ఎత్తించి చూపించాను. ఆ రోజు నుంచి కొలతలకొచ్చిన ప్రతి మనిషినీ, మీరు రోజూ ఏం పని చేస్తారమ్మా అని అడగడం మొదలుపెట్టాను. పూలు కట్టే ఆవిడకు ఒక లోతు, బ్యాంకులో కూర్చునే ఆవిడకు ఇంకో లోతు. చంక దగ్గర పట్టేసిందని వెనక్కొచ్చే జాకెట్లు తగ్గిపోయాయి. పదిహేనేళ్ళ కుట్టు నేర్పనిది ఆ పిల్ల ఒక్క ప్రశ్నతో నేర్పింది.

కానీ అడగడం ఆ పిల్ల వంతైతే, జవాబు వచ్చింది నా కుట్టులోంచే. కత్తెర పక్కనపెట్టి ఉత్త పాఠాలే చెప్పి ఉంటే రెండేళ్ళలో నా దగ్గర చెప్పడానికేం మిగిలేది? అందుకే రవిగాడి మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. పాఠాలు చెప్పు, వద్దనను. వారానికి నలుగురినైనా నీ చేత్తో పట్టు. కొత్త ఒళ్ళు, కొత్త బిగువు చేతికి తగలకపోతే, పోయినేడు నీకు తెలిసిందే ఈ ఏడూ చెబుతావు. పిల్లలు కనిపెట్టేస్తారు.

వేలు నిజంగా నొప్పిగా ఉంటే మాత్రం పూర్తిగా ఆపెయ్యి, డాక్టరుకు చూపించు. తగ్గాక మోచెయ్యి, అరచెయ్యి, పాదం వాడు. బొటనవేలు గీత వెతకడానికే, బరువు మొయ్యడానికి కాదు అని పిల్లలకు చెప్పేది నువ్వే కదా? పిల్లలకు చూపిస్తూ ఒక్కో క్లాసులో పదిసార్లు అదే చోట నొక్కుతున్నావేమో. వాళ్ళలో ఒకరి చేత చేయించి నువ్వు పక్కన నిలబడి చెప్పొచ్చు కదా. ఇలా సలహాలు రాయకూడదనే కూర్చున్నాను, రాసేశాను.

శుక్రవారం బాబాయి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కు వస్తున్నాడు. గోంగూర పచ్చడి, గానుగ నువ్వులనూనె సీసా పంపుతున్నాను. నూనె నీ వేలికి, పోపుకు వాడకు. రాత్రి గోరువెచ్చగా చేసి రాసుకో, వాపుంటే మాత్రం రుద్దకు. సీసా మూతకు కవరు కట్టాను, నిలువుగా పెట్టు.

ఈ ఉత్తరం అందగానే రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పంపు. పట్టీ విప్పి తీయి.

అమ్మ