కౌంటీ కప్పు ఆడుతున్న నా కొడుక్కి

చిరంజీవి నాన్నకు,

అమ్మ ఆశీస్సులు. కౌంటీ సీనియర్ కప్పులో, అంటే మీ కౌంటీ (జిల్లా లాంటిది) ఫుట్‌బాల్ సంఘం తన పరిధిలోని చిన్నా పెద్దా క్లబ్బులకు నడిపే పోటీలో, మీ క్లబ్బు అండర్-21 జట్టు మొదటి రౌండ్ దాటినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ మ్యాచ్ అయ్యాక నువ్వన్న మాట ఒకటి మాత్రం నాకు మింగుడు పడలేదు. "ఇది అసలు పోటీ కాదమ్మా, గెలిచినా ఓడినా ఒకటేనని మాకు ముందే చెప్పారు, లీగ్ మ్యాచ్‌ల మధ్య ప్రాక్టీసు కోసం ఆడుతున్నాం" అన్నావు. ఇలాంటి సంగతులు ఫోనులో సగంలోనే తెగిపోతాయి కనుక, నా అభిప్రాయం ఏమిటో తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు తేలిగ్గా తీసుకుంటున్న ఈ కప్పులు ఎంత పాతవో ముందు తెలుసుకో. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ 12 క్లబ్బులతో మొదలైంది 1888లో అయితే, బర్మింగ్‌హామ్ సీనియర్ కప్పు 1876 నాటికే ఉంది. అక్కడి పెద్ద క్లబ్బు ఆస్టన్ విల్లా తన చరిత్రలో గెలుచుకున్న మొట్టమొదటి కప్పు 1880 నాటి ఆ బర్మింగ్‌హామ్ కప్పే, దేశమంతటి కప్పయిన ఎఫ్.ఎ. కప్పు వాళ్ల చేతికి రావడానికి మరో ఏడేళ్లు పట్టింది. అసలు లీగ్ పెడదామని మిగతా క్లబ్బులకు ఉత్తరాలు రాసిన విలియం మెక్‌గ్రెగర్ కూడా విల్లా మనిషే. అదే 1880లో లాంకషైర్ సీనియర్ కప్పు తొలి ఫైనల్ జరిగితే, మిల్లు పట్టణమైన డార్వెన్ జట్టు పొరుగునే ఉన్న బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను ఓడించింది. ఇవాళ మనం పెద్ద క్లబ్బులని చెప్పుకుంటున్నవి ఇంకా పెద్దవి కాని రోజుల్లో, తమ సత్తా ఏమిటో ఇరుగుపొరుగు వాళ్ల ముందు తేల్చుకున్నది ఈ కప్పుల్లోనే.

లీగ్ వచ్చాక పరిస్థితి మారింది. వారం వారం ఖాయంగా మ్యాచ్‌లు, వాటికి వచ్చే టికెట్ డబ్బు, ఆ తర్వాత దేశమంతటి కప్పులు, యూరప్ పోటీలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడటంతో, పెద్ద క్లబ్బులు స్థానిక కప్పులకు సీనియర్ జట్టును పంపడం మానేసి ముందు రిజర్వు ఆటగాళ్లను, ఆపైన మీ వయసు పిల్లలను పంపడం మొదలుపెట్టాయి. ఇందులో నేను తప్పు పట్టేదేమీ లేదు. అసలు రాకుండా ఉండటం కన్నా పిల్లలను పంపడం ఎంతో మేలు. కానీ పంపిన పిల్లలతో "ఫలితంతో పని లేదు" అని చెప్పడం మాత్రం తప్పేనని నా గట్టి నమ్మకం.

ఎదుటి జట్టు సంగతి ఆలోచించు. వాళ్లలో చాలామంది పగలంతా ఉద్యోగం చేసుకుని, సాయంత్రం నేరుగా మైదానానికి వచ్చినవాళ్లు. సస్సెక్స్ సీనియర్ కప్పు ఫైనల్‌ను ఫాల్మర్‌లో ఉన్న పెద్ద క్లబ్బు బ్రైటన్ స్టేడియంలో ఆడిస్తారు. అలాంటి గడ్డి మీద అడుగుపెట్టే అవకాశం ఆ ఆటగాళ్లలో చాలామందికి జీవితంలో ఒక్కసారి వస్తే గొప్ప. ఆ ఒక్కసారి కోసం వాళ్లు ప్రాణం పెట్టి ఆడుతుంటే, ఎదురుగా ఉన్నవాళ్లు కాలక్షేపానికి బంతిని అటూ ఇటూ తోస్తూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకో. మొన్నటి మ్యాచ్‌లో కంచె దగ్గర నా పక్కన ఒక పెద్దాయన నిలబడ్డారు. మీ జట్టు జాబితా కాగితాన్ని లైటు వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదువుకుంటున్నారు. నేను నీ తల్లినని తెలిశాక, నీ పేరు సరిగ్గా ఎలా పలకాలో అడిగి, తనలో తాను రెండుసార్లు అనుకుని చూసుకున్నారు. ఆయన వేరే జట్టు మనిషి. అయినా మీ పేర్లు గుర్తుంచుకోవాలనుకున్నారు.

ఇక నీ ఎదుగుదల విషయం. మీ అండర్-21 లీగ్‌లో అంతా నీ ఈడువాళ్లే, అంతా ఒకే తరహా అకాడమీల్లో పెరిగినవాళ్లే. పైగా ఓడితే కింది డివిజన్‌కు పడిపోతామన్న భయమూ లేదు. కుర్రాళ్ల జట్ల కోసం 1952లో మొదలైన ఎఫ్.ఎ. యూత్ కప్పు గొప్ప పోటీయే, 2022 ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ పిల్లల ఆట చూడటానికి ఓల్డ్ ట్రాఫర్డ్‌కు 67,492 మంది వచ్చారు. అయినా అక్కడా ఎదురుగా ఉండేది కుర్రాళ్లే. పెద్దవాళ్లతో, అదీ గెలిచి తీరాలని వచ్చిన పెద్దవాళ్లతో తలపడే అవకాశం నీకు దొరికేది ఈ కౌంటీ కప్పులోనే.

మొన్నటి మ్యాచ్‌లో నీ వల్ల ఎదుటి జట్టుకు దక్కిన ఆ గోల్ గుర్తుందా? వాళ్ల కుడివైపు డిఫెండర్ బంతిని చొక్కాతో తుడుచుకుని, ప్రకటనల బోర్డు దాకా వెనక్కి నడిచి, అక్కడి నుంచి పరుగెత్తుకొచ్చి త్రో-ఇన్ విసిరాడు. బంతి ఎక్కడ పడుతుందో నువ్వు సరిగ్గానే అంచనా వేశావు, అక్కడే నిలబడ్డావు. కానీ మోకాలికి పట్టీ కట్టుకున్న ఆ ముప్పై అయిదేళ్ల ఫార్వర్డ్ బంతి ఇంకా గాలిలో ఉండగానే మోచేతి కింది భాగం నీ ఛాతీకి ఆనించి, నీ చోటు తాను తీసుకుని, నీకన్నా ముందే పైకి లేచాడు. నువ్వు రిఫరీ వైపు చేతులు చాచావు. ఆయన చూడనైనా చూడలేదు. రెండో సగంలో అదే త్రో, అదే మనిషి. ఈసారి వాడి చెయ్యి నిన్ను చేరకముందే నువ్వు అర అడుగు ముందుకు జరిగి, భుజం అడ్డుపెట్టి, బంతిని తలతో బయటికి కొట్టావు. ఆ అర అడుగు నీకు ఏ శిక్షణా నేర్పలేదు, ఆ మనిషి నేర్పాడు. గెలవాలని నీకు పట్టుదల లేకపోతే ఆ రెండోసారి నువ్వు కదిలేవాడివే కాదు. ఫలితంతో పని లేదనుకున్నవాడికి ఆ పాఠం అందదని నేను అంటున్నది అందుకే.

పిల్లల జట్లను పెద్దల పోటీల్లోకి తేవడం ఎక్కడైనా మంచిదేనని మాత్రం నేను అనను. 2016లో మూడో, నాలుగో డివిజన్ క్లబ్బుల కప్పయిన ఇ.ఎఫ్.ఎల్. ట్రోఫీలోకి పెద్ద క్లబ్బుల అకాడమీ జట్లను ఆహ్వానించినప్పుడు కింది డివిజన్ల అభిమానులు మ్యాచ్‌లకు రాకుండా నిరసన తెలిపారు. నేను వాళ్ల పక్షమే. ఆ క్లబ్బులకు ఫైనల్ జరిగే వెంబ్లీ స్టేడియం చేరడానికి ఉన్న ఒకే ఒక్క సులువైన దారిలో మరొకరికి చోటు కల్పించారు. పైగా ఆ ఏడాదే బలహీనమైన జట్లను దింపారంటూ 12 క్లబ్బులకు జరిమానా వేస్తే, అందులో తమ సొంత కుర్రాళ్లను ఆడించిన లూటన్ టౌన్ కూడా ఉంది. వేరే క్లబ్బు పిల్లలకు ఆహ్వానం, సొంత పిల్లలను ఆడిస్తే జరిమానా అంటే ఎవరికి మాత్రం కోపం రాదు? 2018లో చెల్సీ కుర్రాళ్లు సెమీఫైనల్ దాకా వెళ్లి లింకన్ సిటీ చేతిలో పెనాల్టీలలో ఓడిపోయారు. ఆ లింకనే ఆపై వెంబ్లీలో ట్రోఫీ గెలిచింది. కౌంటీ కప్పు సంగతి వేరు. అక్కడ మీ క్లబ్బు బయటి నుంచి వచ్చిన అతిథి కాదు, ఆ కౌంటీ సంఘంలో మొదటి నుంచీ సభ్యత్వం ఉన్న క్లబ్బు. కాబట్టి అందరితో సమానంగా ఆడే హక్కు మీకు ఉంది, అందరితో సమానంగా పట్టుదల చూపాల్సిన బాధ్యతా ఉంది.

చిన్న జట్టుగా వెళ్లినవాళ్లు మనసు పెట్టి ఆడితే ఎంత దూరం వెళ్లగలరో చెబుతాను విను. 1980లో రియల్ మాడ్రిడ్ వాళ్ల రిజర్వు జట్టు కాస్టిల్లా స్పానిష్ కప్పులో అథ్లెటిక్ బిల్బావోను, రియల్ సోసియెదాద్‌ను, స్పోర్టింగ్ గిహోన్‌ను వరసగా ఓడించి ఫైనల్ చేరి, అక్కడ తమ సొంత సీనియర్ జట్టుతోనే తలపడింది. 6-1తో ఓడింది నిజమే. అయినా సీనియర్ జట్టు లీగ్ కూడా గెలిచి యూరోపియన్ కప్పుకు వెళ్లడంతో, యూరప్ దేశాల కప్పు విజేతలు ఆడే కప్ విన్నర్స్ కప్పులో స్పెయిన్ తరఫున ఆడే అవకాశం ఆ కుర్రాళ్లకు దక్కింది. మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ క్లబ్బు వెస్ట్‌హామ్‌ను 3-1తో ఓడించి, రెండోదాంట్లో అదనపు సమయంలో 5-1తో ఓడి వెనుదిరిగారు. జర్మనీలో హెర్తా బెర్లిన్ క్లబ్బు అమెచ్యూర్ జట్టు, అంటే వాళ్ల రిజర్వు జట్టు, 1993 జర్మన్ కప్పు ఫైనల్ చేరింది. దారిలో అంతకు ముందు ఏడాది విజేత హానోవర్‌ను 4-3తో ఇంటికి పంపింది. ఫైనల్లో లెవర్‌కూసెన్ చేతిలో ఒకే ఒక్క గోల్‌తో ఓడింది. ఒకే క్లబ్బుకు చెందిన రెండు జట్లు ఒకే కప్పులో ఉండటం సబబు కాదని కాలక్రమంలో రెండు దేశాలూ జాతీయ కప్పుల్లో రిజర్వు జట్లకు తలుపులు మూసేశాయి, ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ కుర్రాళ్లలో ఎవరైనా ఒళ్లు దాచుకుని ఆడి ఉంటే రెండో రౌండ్ కూడా దాటేవారు కాదు.

కనుక వచ్చే మ్యాచ్‌కు ముందు కొన్ని పనులు చెయ్యి. పొడవాటి త్రో-ఇన్‌లను, గోల్‌కీపర్ చుట్టూ గుమిగూడే కార్నర్లను ఎదుర్కోవడం మీద ఒక పూట ప్రత్యేకంగా పని చేయించమని కోచ్‌గారిని మర్యాదగా అడుగు. నువ్వొక్కడివే అడగలేకపోతే మీ కెప్టెన్‌ను వెంటబెట్టుకుని వెళ్లు. చాలా కౌంటీ కప్పుల్లో మ్యాచ్ సమమైతే అదనపు సమయం ఉండదు, నేరుగా పెనాల్టీలే. మీ కప్పు నిబంధన ఏమిటో చదివి, ఎవరు ఎన్నో పెనాల్టీ కొట్టాలో ముందే అనుకోండి. గోల్ వెనకబడి చివరి పది నిమిషాల్లో ఉన్నప్పుడు వెనక నలుగురూ బంతిని పంచుకుంటూ కూర్చోవద్దు, ముందుకు కొట్టండి. అలా కొడితే మీ ఆట తీరు చెడిపోతుందని ఎవరైనా అంటే, ఆ మాట నేను ఒప్పుకోను. మ్యాచ్ అయ్యాక ఎదుటివాళ్లందరికీ చెయ్యి ఇచ్చి, ఆ తర్వాతే లోపలికి వెళ్లండి.

అకాడమీలో మీరు ఆడేది కృత్రిమ గడ్డి మీద. ఈ చలికాలంలో చిన్న క్లబ్బుల మైదానాలు బురదగా ఉంటాయి కాబట్టి, పొడవు స్టడ్స్ ఉన్న బూట్లు మర్చిపోకుండా సంచిలో పెట్టుకో. రెండో రౌండ్ ఎవరితో, ఏ మైదానంలో పడిందో తెలిసిన వెంటనే చెప్పు, ఆ రోజు సెలవు పెట్టుకుని వస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ